ఒక నల్ల సైకిలు, మూడు దేశాలు

మనం వాడే 'హరాజు' అన్న మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. మన ఊళ్ళలో హరాజు అంటే వేలంపాట. గుడి మాన్యంలో చింతచెట్ల కాపునో, అప్పు తీర్చలేని వాడి ఎడ్లనో హరాజు వేసేవారు. సౌదీ అరేబియాలో హరాజ్ అంటే వేలం ఒక్కటే కాదు, పాత సామాన్లు అమ్మే సంత కూడా. రియాద్‌లో ఇబ్న్ ఖాసిమ్ హరాజు అంటే తెలియని వాళ్ళుండరు. విరిగిన కుర్చీలు, ఆగిపోయిన గడియారాలు, ఎవరి పెళ్ళివో తెలియని రాగి దిన్నెలు, ఇల్లు ఖాళీ చేసి స్వదేశం వెళ్ళిపోయిన వాళ్ళ మంచాలు, బీరువాలు, అన్నీ చివరికి అక్కడికే చేరతాయి. 2022 చలికాలంలో అక్కడ నూటయాభై రియాళ్ళకు నేనొక పాత సైకిలు కొన్నాను. సైకిలు అనేకంటే సైకిలు ఆకారంలో ఉన్న తుప్పు అంటే సరిపోతుంది.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ పని. మా తరంలో ఇది మామూలే. పాతికేళ్ళుగా కంప్యూటరు ముందు కూర్చున్న చేతులకు ఒక పానా, కాస్త గ్రీజు దొరికితే కలిగే ఆనందం వేరు. అయితే ఈ వ్యాసం నా ఆనందం గురించి కాదు. పాత వస్తువును బాగుచేయడమంటే ఏమిటి? ఎంతవరకు బాగుచేయాలి? ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్నలు ఆ సైకిలు వల్ల నాకు ఎదురయ్యాయి. వాటికి జవాబు వెదకాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్ళక తప్పలేదు.

ఇనుము చెప్పిన పుట్టుక

సైకిలు ఈనాటి రూపానికి వచ్చి నూట నలభై ఏళ్ళయింది. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' అనే బండిని తయారుచేశాడు. రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తులో ఉండి, వెనక చక్రాన్ని చెయిను తిప్పే పద్ధతి దానితోనే స్థిరపడింది. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుల్లోనే నాటింగ్‌హామ్ నగరంలో ర్యాలీ వీధిలో ఉన్న ఒక చిన్న కార్ఖానాలో ఫ్రాంక్ బౌడెన్ అనే ఆయన డబ్బు పెట్టి దాన్ని పెద్దది చేశాడు. వీధి పేరే కంపెనీ పేరయింది. మన ఊళ్ళలో "ర్యాలీ సైకిలున్నోడు" అంటే ఒకప్పుడు కాస్త కలిగినవాడు అని అర్థం. ఆ ర్యాలీ ఇదే.

హరాజులో నాకు దొరికిన సైకిలు ముందు భాగంలో కొంగ బొమ్మ ఉన్న బిళ్ళ ఉంది. కొంగ ర్యాలీ గుర్తు. కానీ బిళ్ళలు మారుస్తారు కాబట్టి దాన్ని మాత్రమే నమ్మడానికి వీల్లేదు. అసలు సాక్ష్యం వెనక చక్రం నడిమధ్య దొరికింది. నాటింగ్‌హామ్‌లోనే స్టర్మీ-ఆర్చర్ అనే కంపెనీ చక్రం హబ్బు లోపలే మూడు గేర్లు ఇమిడ్చి తయారుచేసేది. అందులో నడిమి గేరు నేరుగా తిరుగుతుంది, కిందిది మూడింట నాలుగో వంతు... కాదు, సరిగా చెప్పాలంటే నాలుగు భాగాల్లో మూడు భాగాల వేగంతో, పైది మూడుకు నాలుగు చొప్పున తిరుగుతుంది. 1936లో వచ్చిన 'ఏడబ్ల్యూ' రకం హబ్బు ఎంత గట్టిదంటే, నూనె చుక్క పడితే చాలు దశాబ్దాలు పనిచేస్తుంది. ఆ కంపెనీ వాళ్ళు ఒక మంచి పని చేశారు. హబ్బు మీద తయారైన సంవత్సరం, నెల అంకెలుగా ముద్రించేవారు. గ్రీజు, ఇసుక కలిసి రాయిలా గట్టిపడ్డ మట్టిని కిరోసిను గుడ్డతో తుడిస్తే 57, దాని పక్కన 4 బయటపడ్డాయి. అంటే 1957 ఏప్రిల్. మనిషికి జన్మపత్రిక ఉన్నట్టు ఈ సైకిలుకు హబ్బు మీద పుట్టిన నెల ఉంది.

ఆ ముద్ర వేసిన ఊళ్ళో ఇప్పుడు ఆ పని లేదు. ర్యాలీ వాళ్ళు నాటింగ్‌హామ్‌లో సైకిళ్ళ తయారీని 2002లో ఆపేశారు. స్టర్మీ-ఆర్చర్ 2000లో తైవాన్ కంపెనీ చేతికి వెళ్ళింది.

ఎడారిలో సైకిలు

అరేబియాలో సైకిలుకు మొదట్లో మంచి పేరు లేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో నజ్ద్ ప్రాంతపు ఛాందసులు దాన్ని సైతాను వాహనంగా చూశారని ఆ కాలం గురించి రాసిన వాళ్ళు చెబుతారు. గడ్డి తినదు, నీళ్ళు తాగదు, మనిషిని మోసుకుపోతుంది, అనుమానించడంలో వింతేముంది? మన దగ్గర రైలుబండిని మొదటిసారి చూసి దండం పెట్టిన వాళ్ళూ ఉన్నారు, పారిపోయిన వాళ్ళూ ఉన్నారు. 1938లో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడిన తరువాత దేశం నడక మారింది. ఒంటె నుంచి నేరుగా మోటారు కారుకు వచ్చిన దేశం కావడంతో సైకిలు పిల్లల ఆటవస్తువుగా, కూలివాడి బండిగా మిగిలిపోయింది.

ఆడపిల్లల విషయంలో అదీ లేదు. హైఫా అల్ మన్సూర్ తీసిన 'వజ్దా' సినిమా (2012) చాలామంది చూసే ఉంటారు. పూర్తిగా సౌదీలోనే తీసిన మొదటి కథాచిత్రంగా దానికి పేరు. ఒక చిన్నపిల్ల ఆకుపచ్చ సైకిలు కోసం పడే తపనే దాని కథ. మరుసటి ఏడాది, 2013లో, ఆడవాళ్ళు పార్కుల వంటి చోట్ల, వెంట మగ బంధువు ఉంటే సైకిలు తొక్కవచ్చని పత్రికల్లో వార్తలు వచ్చాయి. 2018లో కారు నడపడానికే అనుమతి వచ్చాక ఆ షరతులు పాతబడిపోయాయి. 2020లో సౌదీ టూర్ పేరుతో అంతర్జాతీయ సైకిలు పందెం మొదలైంది. ఇప్పుడు రియాద్‌లో స్పోర్ట్స్ బౌలెవార్డ్ మీద సాయంత్రాలు ఆడపిల్లలు గుంపులుగా సైకిళ్ళు తొక్కుతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. మా అమ్మాయి కూడా వాళ్ళలో ఒకతె. నేను తెచ్చిన తుప్పు సైకిలును చూసి, "నాన్నా, ఇది నేను తొక్కగలిగేలా చేస్తావా, గోడకు తగిలిస్తావా?" అని అడిగింది. సమస్య మొత్తం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

మన ఊళ్ళో సైకిలు

మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ప్రాంతంలో సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాన్ని 'సైకిల్ టాక్సీ' అనేవారు. గంటకు అర్ధరూపాయి. కాళ్ళు అందని వయసులో కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కే 'కైంచీ' విద్య అందరం అక్కడే నేర్చుకున్నాం. మా బాపు బీడీ కార్ఖానాలో గుమస్తా. వారానికి రెండుసార్లు ఊరూరా తిరిగి ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన బీడీల కట్టలు తెచ్చేవాడు. ఆయన సైకిలు హెర్క్యులిస్. అది పేరుకు బర్మింగ్‌హామ్‌ది, పుట్టుక మద్రాసు దగ్గర అంబత్తూరులో. 1949లో అక్కడ పెట్టిన టీఐ కంపెనీ దాన్ని చేసేది. ర్యాలీ పేరుతో బెంగాల్లోని ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, సోనీపత్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో వచ్చాయి. ఇవన్నీ ఇంగ్లీషు నల్ల సైకిలును ఉన్నదున్నట్టు తీసుకున్నాయి: 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. ఇంగ్లండు ఆ పద్ధతిని ఎప్పుడో వదిలేసింది. మనం వదల్లేదు.

ఆ రోజుల్లో సైకిలుకు మున్సిపాలిటీ లైసెన్సు బిళ్ళ ఉండాలి, రాత్రి దీపం ఉండాలి, ఇద్దరెక్కితే పోలీసు పట్టుకునేవాడు. ఏడాదికొకసారి సైకిలును పూర్తిగా విప్పి, గోళీలు కడిగి, గ్రీజు పెట్టి బిగించడాన్ని 'ఓవరాయిలింగ్' అనేవాళ్ళం. ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళాక గానీ అది ఓవర్‌హాలింగ్ అని నాకు తెలియలేదు. అయినా మన మాటే నాకు సరిగ్గా ఉందనిపిస్తుంది. ఆ పనిలో సగం నూనెదే కదా!

బాపు సైకిలు ఇప్పుడు లేదు. నేను ఉద్యోగానికి వచ్చిన రెండో ఏడు ఇంటికి మోటారు సైకిలు పంపితే, పాతదాన్ని ఇనుప సామాన్ల బండికి కిలోల లెక్కన తూచి ఇచ్చేశారు. అప్పట్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. మా తరం పంపిన గల్ఫ్ డబ్బు ఎన్ని ఇళ్ళలో ఎన్ని పాత వస్తువులను ఇలా తూకానికి పంపిందో లెక్క తీస్తే అదొక ప్రత్యేక చరిత్ర అవుతుంది.

విప్పడం, రాసుకోవడం

సైకిలును మొదట బథా బజారులోని ఒక దుకాణానికి తీసుకెళ్ళాను. బాగా పని తెలిసిన బంగ్లాదేశీ భాయ్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇసుకతో కొట్టించి పౌడర్ కోటింగ్ చేయిద్దాం, బ్రేకులు మార్చేద్దాం, వారంలో కొత్తదైపోతుంది" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కొత్తదైపోతుంది. కానీ అప్పుడది 1957 నాటి సైకిలు ఎలా అవుతుంది? నమస్కారం చెప్పి ఇంటికి తెచ్చేసుకున్నాను.

నా ఉద్యోగంలో పాత ప్రోగ్రాములను ముట్టుకునే ముందు పాటించే నియమాలు రెండున్నాయి. ఒకటి, చెయ్యి పెట్టేముందు ఉన్న స్థితిని భద్రపరచాలి. రెండు, చేసిన ప్రతి మార్పునూ వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి. సైకిలుకూ అవే పెట్టాను. ప్రతి నట్టునూ విప్పకముందు ఫొటో, విప్పాక దాని పేరు రాసిన డబ్బీ. పెడలు కాడను ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులు సుత్తితో కొడితే వంగిపోతాయి. అందుకని నాలుగు రోజులు నూనెలో నాననిచ్చి, చిన్న బిగింపు పట్టీతో నొక్కి తీశాను.

తుప్పు తీయడానికి బజారులో సవాలక్ష మందులున్నాయి. మన వంటింట్లో ఉన్నవి చాలు. హ్యాండిలు, బ్రేకు కడ్డీల వంటి మెరుగు పెట్టిన భాగాలను నిమ్మఉప్పు కలిపిన నీళ్ళలో కొన్ని గంటలు ఉంచి, బ్రష్షుతో తోమి, వెంటనే కడిగి, తుడిచి నూనె రాశాను. ఎక్కువసేపు ఉంచితే ఆమ్లం తుప్పుతో ఆగదు, ఇనుమునూ తింటుంది. ఇత్తడి బిళ్ళకు చింతపండు గుజ్జు. దేవుడి కుందులకు మన అమ్మలు చేసిందే. నల్లరంగు ఉన్న చోట మాత్రం ఏ ఆమ్లమూ తగలనివ్వలేదు. సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ, మిషను నూనె, చివరగా మైనం. పది సాయంత్రాలు తుడిచాక ఆ నలుపు కింద నుంచి సన్నటి బంగారు గీతలు బయటికొచ్చాయి. చేత్తో గీసిన గీతలు. అక్కడక్కడా చెయ్యి కొద్దిగా వణికిన చోటు కూడా కనబడుతుంది. పౌడర్ కోటింగ్ చేయించి ఉంటే ఆ వణుకు పోయేది.

రియాద్ పొడి గాలి కూడా నాకు సాయపడింది. జెద్దాలోనో దమ్మామ్‌లోనో సముద్రపు చెమ్మలో ఇన్నేళ్ళు పడి ఉంటే గొట్టాలు లోపలి నుంచే పోయేవి. ఇక్కడ తుప్పు పైపొరగా ఆగిపోయింది. అదే పొడి గాలి తోలు సీటును మాత్రం చెక్కలా ఎండబెట్టింది. దానికి నెల రోజులు కొంచెం కొంచెంగా కొవ్వు పట్టించాను. తోలు సీటు తన మీద ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి ఆకారం తీసుకుంటుంది. పేరు తెలియని ఆ మనిషి అచ్చు ఇంకా దాని మీద ఉంది.

ఏది అసలు?

ఇక చిక్కు ప్రశ్న. ఈ సైకిలు వెనక ఉన్న క్యారియర్ ర్యాలీ వాళ్ళది కాదు. నీళ్ళ పైపు ముక్కలు, ఇనుప పట్టీలు కలిపి ఇక్కడే ఎవరో వెల్డింగ్ చేశారు. దాని మీద గుండ్రంగా అరిగిన గుర్తు ఉంది. కొలిస్తే గ్యాసు బండ అడుగు వెడల్పుకు సరిపోయింది. వెనక మడ్‌గార్డు మీద కుంచెతో రాసిన అరబ్బీ అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. అంటే నాటింగ్‌హామ్ నుంచి దర్జాగా వచ్చిన బండి చివరికి ఏదో దుకాణంలో పనిచేసే కుర్రాడికి గ్యాసు బండలు మోసే బండి అయింది. బహుశా మన వైపు నుంచో, కేరళ నుంచో, యెమెన్ నుంచో వచ్చినవాడు.

'అసలు రూపం' కావాలంటే ఆ క్యారియర్ కోసి పారేయాలి. ఆ అక్షరాలు తుడిచేయాలి. 1957లో దుకాణంలో ఉన్న సైకిలే అసలుదా? లేక అరవై ఏళ్ళు బతికిన సైకిలు అసలుదా?

ఇదే ప్రశ్న ఈ దేశంలో చాలా పెద్ద ఎత్తున ఇనుము విషయంలోనే వచ్చింది. హిజాజ్ రైలు మార్గం గురించి చెబుతున్నాను. ఆటోమన్ సుల్తాను రెండవ అబ్దుల్ హమీద్ 1900లో తలపెట్టగా, డమాస్కస్ నుంచి మదీనా దాకా సుమారు 1300 కిలోమీటర్లు వేసి, 1908 సెప్టెంబరు 1న మదీనాలో ప్రారంభించారు. దీనికోసం ప్రపంచమంతటి ముస్లింలు చందాలిచ్చారు. మన హైదరాబాదు నుంచీ డబ్బు వెళ్ళింది. అక్కడ ఆ పనికి ముందు నిలబడిన వారిలో దాయిరతుల్ మఆరిఫ్ స్థాపకుల్లో ఒకరైన ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో అరబ్బు తిరుగుబాటుదారులు, వారితో ఉన్న లారెన్స్ వంటి ఆంగ్లేయులు పట్టాలను పేల్చేశారు. యుద్ధం తరువాత మదీనా వైపు రైలు నిలదొక్కుకోలేకపోయింది. 1960లలో మళ్ళీ వేయబోతే 1967 యుద్ధంతో ఆగిపోయింది. ఇంజన్లు నిలిచిన చోటే నిలిచిపోయాయి.

తరువాత మదీనా స్టేషనును మ్యూజియం చేశారు. మదాయిన్ సాలెహ్ స్టేషనులోని షెడ్డులో ఒక ఇంజనును శుభ్రం చేసి, రంగు వేసి నిలబెట్టారు. ఆ శిలానగరం 2008లో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది, సౌదీ నుంచి మొదటిది అదే. నేను ఆ ఇంజనునూ చూశాను, మదీనాకు ఉత్తరాన బువైర్ దగ్గర ఇసుకలో తుప్పుపట్టి నిలబడ్డ ఇంజనునూ చూశాను. షెడ్డులోది చూస్తే ఇంజను ఎలా ఉండేదో తెలుస్తుంది. ఇసుకలోది చూస్తే దానికి ఏమైందో తెలుస్తుంది. ఒకటి ఇంజనీరింగు పాఠం, రెండోది చరిత్ర పాఠం. రెండూ కావాలి. కానీ ఒక్కటే మిగిలి ఉన్నప్పుడు ఏం చేయాలి?

దీనికి పెద్దలు ఆలోచించి పెట్టుకున్న నియమాలున్నాయి. 1964 నాటి వెనిస్ ప్రకటన సారాంశం చెప్పాలంటే: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగాలి, కొత్తగా చేర్చింది పాతదానితో కలిసిపోవాలి గానీ పాతదాని వేషం వేయకూడదు, ఒక కట్టడం మీద వేర్వేరు కాలాలు చేర్చిన మంచి భాగాలను గౌరవించాలి. మనకు ఇది కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదా, అనుపు దగ్గరా తిరిగి నిలబెట్టారు. అదే మన ఊళ్ళలో వందల ఏళ్ళ శిల్పాలకు జీర్ణోద్ధారణ పేరుతో సున్నమో, ఎనామిల్ రంగో పూస్తున్నాం. ఉద్దేశం భక్తే. ఫలితం మాత్రం శిల్పి ఉలి కనబడకుండా పోవడం.

ఈ నియమాల ప్రకారమే క్యారియర్ ఉండిపోయింది. మడ్‌గార్డు మీద అక్షరాలూ ఉండిపోయాయి. వాటి మీద తుప్పు పాకకుండా మైనం పూశాను, అంతే.

లూధియానా రిమ్ము

ఒక్క చోట మాత్రం రాజీ కుదరలేదు. ముందు రిమ్ము పుల్లలు దూరే రంధ్రాల దగ్గర కాగితంలా పలచబడింది. కడ్డీ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు పట్టుకుంటాయి. అక్కడ ఇనుము లొంగితే తొక్కేవాళ్ళ పళ్ళు రాలతాయి. తొక్కేది మా అమ్మాయి. చరిత్ర కంటే అది ముఖ్యం.

ఇంగ్లండులో ఆ రకం రిమ్ము పాత సరుకు సేకరించే వాళ్ళ దగ్గర, రవాణా ఖర్చుతో కలిపి సైకిలు ధరకు మూడింతలు చెప్పారు. మా ఊరి సైకిల్ టాక్సీ కాకకు ఫోను చేశాను. ఆయనకు డెబ్భై దాటాయి. దుకాణం పేరుకే ఉంది. "ర్యాలీది దొర్కది బిడ్డా. గని గసొంటిదే లూధియానాది ఉన్నది, ముప్పై రెండు పుల్లలదే. పంపియ్యన్నా?" అన్నాడు. సెలవు ముగించుకుని రియాద్ వస్తున్న మా ఊరి అబ్బాయి సామాన్లలో మామిడికాయ పచ్చడి, సకినాలతో పాటు రిమ్ము, టైర్లు, బ్రేకు రబ్బర్లు వచ్చాయి. కస్టమ్స్ వాళ్ళు పచ్చడిని అనుమానించారట గానీ రిమ్మును ఏమీ అనలేదు.

ఆ రిమ్ము నాటింగ్‌హామ్ హబ్బుకు పుల్ల తేడా లేకుండా కూర్చుంది. ఎందుకు కూర్చోదు? ఇంగ్లండు మరిచిపోయిన కొలతను మన కార్ఖానాలు డెబ్భై ఏళ్ళుగా పోస్తూనే ఉన్నాయి. ఒక్క పెడలు ఇరుసు కప్పులు మాత్రం మనవి పట్టవు. మిగతా ఇంగ్లీషు కంపెనీలు అంగుళానికి 24 మరలు కోస్తే ర్యాలీ వాళ్ళు పంతంగా 26 కోశారు. అందుకని పాత కప్పులే కడిగి, పక్కకు పదకొండు చొప్పున కొత్త పావు అంగుళం గోళీలు వేసి బిగించాను.

చక్రం బెండు తీస్తూ వీడియోలో చూపిస్తుంటే కాక అడిగాడు, "రంగెయ్యవా?" అని. వెయ్యనన్నాను. కాసేపు ఊరుకుని, "మంచిదే. గీతలు కనవడ్తున్నయ్. గా గీతలు గీసుడు ఇప్పుడెవనికి రాదు" అన్నాడు. యాభై ఏళ్ళు సైకిళ్ళకు రంగులేసిన మనిషి మాట అది.

ఇంట్లో పాత వస్తువున్న పాఠకులకు ఒక మాట. ఇంటికెళ్ళినప్పుడు అటక మీద అమ్మ కుట్టుమిషనో, తాత రేడియోనో కనబడితే, రంగు వేయించే ముందు నాలుగు ఫొటోలు తీయండి. ఎవరిదో, ఎప్పుడు కొన్నదో, దేనికి వాడారో తెలిసినవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. మార్చక తప్పని భాగాన్ని మార్చండి, కానీ తీసిన ముక్కను పారేయకండి. నేను కొత్త రిమ్ము లోపల, ట్యూబు కింద వేసే పట్టీ చాటున, '2023, లూధియానా, వయా జగిత్యాల' అని తెలుగులో గీశాను. పాత రిమ్ము చీటీ కట్టి సామాన్ల గదిలో మేకుకు వేలాడుతోంది. రేపెవరైనా ఈ సైకిలును విప్పితే ఏది నాటింగ్‌హామ్‌దో, ఏది రియాద్‌దో, ఏది మనదో వాళ్ళకు తెలుస్తుంది.